పాత కొలత, కొత్త మనిషి

ఒక నటుడు ఒక పాత్రకు తగినవాడా కాదా అని తేల్చటం మనందరికీ చాలా తేలికైన పనిగా కనిపిస్తుంది. డబ్బిచ్చి టిక్కెట్టు కొన్న ప్రతివాడికీ ఆ తీర్పు చెప్పే హక్కు ఉంది. ఆ హక్కును నేను కాదనను. కాని తీర్పు చెప్పేటప్పుడు మనం దేనితో కొలుస్తున్నామో చూసుకోవటం మాత్రం అరుదు. ఈ సంగతి నాకు తెలిసిరావటానికి యాభై ఏళ్ళు పట్టింది. అందుకు కారకులు ఇద్దరు. ఒకరు ఆస్ట్రేలియాలో పుట్టి, ఒకే ఒక్క సినిమాలో జేమ్స్ బాండ్ వేషం వేసిన జార్జ్ లేజన్‌బీ. రెండోవారు తెనాలిలో ఒక మిల్లులో ఫిట్టరుగా పనిచేసిన మనిషి. మొదటాయన పేరు లోకానికి తెలుసు. రెండో ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా ఎవరికీ తెలియదు. తెలియకపోవటానికి నేను కూడా ఒక కారణం.

1970ల మొదట్లో ఒక ఆదివారం విజయవాడలో ఉదయపు ఆటకు మేం నలుగురు స్నేహితులం వెళ్ళాం. సినిమా పేరు ‘ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్’. తిరుగు రైల్లో తెనాలి చేరేలోపల కొత్త బాండును మేం ఉద్యోగంలోనుంచి తీసేశాం. “కానరీలా లేడు” అన్నాన్నేను. మిగతా ముగ్గురూ ఒప్పుకున్నారు. ఆ మాటకు ఇంకే రుజువూ కావలసి రాలేదు.

ఈ సినిమాలమీద నాకు అప్పుడూ ఇప్పుడూ పెద్ద గౌరవం లేదు. బాండును సృష్టించిన ఇయాన్ ఫ్లెమింగ్ మొదటి నవల వచ్చింది 1953లో. అప్పటికే బ్రిటిష్ సామ్రాజ్యం కరిగిపోతున్నది. 1956లో సూయజ్ కాలవ దగ్గర దాని పరువు కాస్తా పోయింది. ఆ పోయిన పరువును ఒక్క మనిషి, ఒక్క పిస్తోలుతో ప్రపంచమంతా తిరిగి సంపాదించుకురావటమే ఆ కథల సారాంశం. ఆ సరుకు నాకు నచ్చదు. అయితే ఒక కర్మాగారంలో తయారయ్యే సరుకు నచ్చనంతమాత్రాన అందులో పనిచేసేవాడి కష్టాన్ని తప్పుగా తూచవచ్చుననే న్యాయం ఎక్కడా లేదు. అంచేత లేజన్‌బీ కేసును మళ్ళీ విచారించటం అనవసరం కాదనుకుంటాను.

షాన్ కానరీ 1962 నుంచి 1967 వరకు అయిదు బాండు చిత్రాల్లో నటించి, ఇక చాలని తప్పుకున్నాడు. నిర్మాతలు బ్రాకలీ, సాల్జ్‌మన్‌లకు మరో బాండు కావలసి వచ్చాడు. లేజన్‌బీ అప్పటికి నటుడు కాడు. స్వదేశంలో కార్లు అమ్మాడు. లండన్ వచ్చి ఫొటోలకు మోడల్‌గా నిలబడ్డాడు. ఒక చాక్లెట్ ప్రకటనలో కనిపించినందువల్ల జనం అతని మొహాన్ని గుర్తుపట్టేవారు. అతను చేసిన పని ఏమిటంటే, కానరీ కోసం కుట్టగా ఆయన తీసుకోకుండా వదిలేసిన సూటును కొని తొడుక్కుని, కానరీ వెళ్ళే మంగలి దగ్గరే జుట్టు కత్తిరించుకుని, లేని అనుభవం ఉన్నదని చెప్పి నిర్మాతల ముందు నిలబడ్డాడు. తర్వాత దర్శకుడు పీటర్ హంట్‌తో, తాను ఎన్నడూ నటించలేదని ఒప్పుకున్నాడు. పరీక్షకోసం తీసిన పోట్లాటలో ఎదుటి మల్లుడి ముక్కు నిజంగానే పగలగొట్టాడు. వేషం అతనికి దక్కింది.

ఇందులో అతని దోషం కనిపిస్తూనే ఉంది. అబద్ధమాడి లోపలికి వచ్చాడు. కాని, కానరీ సూటు వేసుకుని వస్తేనే తలుపు తెరుచుకుంటుందన్న సంగతి అతను కల్పించింది కాదు. నిర్మాతలు వెతుకుతున్నది నటుణ్ణి కాదు, ఆ సూటు పట్టే మనిషిని. సూటు పట్టిన తర్వాత, వీడు కానరీ కాడని మేం గోల పెట్టాం.

ఇంతకూ కానరీని ఎవరు తయారుచేశారు? ఎడింబరోలో పాలబండి తోలిన కుర్రవాడు పుట్టుకతో గూఢచారి కాలేదు. మొదట్లో ఫ్లెమింగ్‌కే అతను నచ్చలేదు. మొదటి సినిమా ‘డాక్టర్ నో’ దర్శకుడు టెరెన్స్ యంగ్ అతన్ని తన దర్జీ దగ్గరకు తీసుకుపోయి బట్టలు కుట్టించి, నడక నేర్పి, భోజనం బల్ల దగ్గర ఎట్లా మసలాలో నేర్పి నిలబెట్టాడు. అప్పుడతన్ని పోల్చటానికి తెరమీద ముందటి బాండు లేడు. తర్వాత నాలుగు సినిమాలు అతన్ని సానబట్టాయి. లేజన్‌బీని మేం పోల్చింది ఆ అయిదు సినిమాల కానరీతో. మొదటి సినిమా కానరీతో పోల్చాలని మాలో ఒక్కడికీ తోచలేదు. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్న మేస్త్రీ కట్టిన గోడ పక్కన కూలికి కొత్తగా వచ్చినవాడి గోడ నిలబెట్టి, వంకర అన్నట్టుంది.

ఈమధ్య మా మనవడు ఇంట్లో ఆ సినిమా పెడితే మళ్ళీ చూశాను. నా పాత తీర్పు మొత్తం తప్పు కాదు. సరసమాడే సన్నివేశాల్లో లేజన్‌బీ బిగుసుకుపోతాడు. ఫొటోకు నిలబడిన అలవాటు ఒంటిని వదల్లేదు. వంశావళి పండితుడి మారువేషంలో ఉన్నంతసేపూ అతని గొంతు అతనిది కాదు, జార్జ్ బేకర్ అనే మరో నటుడిది. దర్శకుడికి అంత మాత్రం నమ్మకం కూడా లేకపోయిందనుకోవాలి. పోట్లాటల్లో మాత్రం కానరీకి తీసిపోడు.

అయితే నేను కుర్రతనంలో గమనించని ఒక సన్నివేశం ఉంది. స్విట్జర్లండ్ కొండమీదినుంచి తప్పించుకుని దిగిన బాండు, రాత్రిపూట కింది ఊళ్ళో ఉత్సవపు జనంలో చిక్కుకుంటాడు. శత్రువులు వెతుకుతున్నారు. ఒళ్ళు అలిసిపోయింది. ఎలుగుబంటి వేషం వేసుకున్న ఎవడో మీదికి వస్తే ఉలిక్కిపడతాడు. మంచుమీద జారే ఆటస్థలం పక్కన కాలరు పైకి లాక్కుని, తల వంచుకుని కూచుంటాడు. అతని మొహంలో ఉన్నది భయం. నటించిన భయమో, కొత్తచోట కొత్త పనిలో ఇరుక్కున్నవాడి అసలు భయమో నేను చెప్పలేను. అప్పుడు డయానా రిగ్ వేసిన ట్రేసీ స్కేట్లమీద జారుతూ వచ్చి అతని ముందు ఆగుతుంది. అతను తలెత్తి చూస్తాడు. ప్రపంచాన్ని ఒంటిచేత్తో కాపాడేవాడికి ఒక మనిషి సాయం కావలసి వచ్చిన ఘట్టం అది. అయిదు సినిమాల కానరీ, తనమీద తనకున్న ధీమాతో, ఆ చూపు చూడగలిగేవాడని నాకు నమ్మకం లేదు. చివరికి పెళ్ళినాడే ఆ ట్రేసీని కాల్చి చంపుతారు. ఆమె తల ఒళ్ళో పెట్టుకుని, ఏం ఫరవాలేదు, విశ్రాంతి తీసుకుంటున్నదంతే అని పోలీసువాడికి చెప్పే మనిషి నాకు ఈసారి కానరీని గుర్తు చెయ్యలేదు.

మరి ఇతన్ని ఎవరు తీసేశారు? ఎవరూ తీసెయ్యలేదు. ఇక్కడే లోకంలో ఒక అబద్ధం స్థిరపడిపోయింది. సినిమా అంతకు ముందటిదానికన్నా తక్కువ వసూలు చేసినా నష్టపోలేదు. నిర్మాతలు ఏడు సినిమాల ఒప్పందం ఇవ్వజూపారు. గూఢచారుల కాలం అయిపోయింది, రాబోయే రోజులు జుట్టు పెంచుకున్న కుర్రవాళ్ళవి అని సలహాదారు రోనన్ ఒరాహిలీ చెప్పిన మాట విని లేజన్‌బీయే వద్దన్నాడు. 1969 డిసెంబరులో సినిమా విడుదల కాకముందే ఆ సంగతి ప్రకటించి, మొదటి ఆటకు గడ్డంతో వచ్చాడు. 1971లో నిర్మాతలు పన్నెండున్నర లక్షల డాలర్లు పోసి కానరీని మళ్ళీ తెచ్చుకున్నారు. బాండు సినిమాల కాలం చెల్లనూ లేదు, లేజన్‌బీకి అంత పెద్ద అవకాశం మళ్ళీ రానూ లేదు. 2024లో నటన విరమిస్తున్నట్టు ప్రకటించాడు.

అతను మూర్ఖంగా ప్రవర్తించాడంటే ఒప్పుకుంటాను. కాని అసమర్థుడు కాబట్టి వెళ్ళగొట్టారనటం వేరు. చాలామంది ఈ రెండోదే నమ్ముతారు. ఎందుకంటే ఆ కథలో మన తీర్పు నెగ్గుతుంది.

ఇట్లాంటి ప్రశ్న మన దగ్గర కూడా వచ్చింది. 1965లో ఆదుర్తి సుబ్బారావు కొత్తవాళ్ళతో ‘తేనె మనసులు’ తీస్తున్నప్పుడు, కృష్ణను మార్చమని కొందరు పట్టుబట్టారనీ, ఆదుర్తి వినలేదనీ సినిమావాళ్ళు చాలాకాలంగా చెప్పుకుంటారు. మరుసటి ఏడాదే ఆ కొత్తవాడు ‘గూఢచారి 116’లో నాయకుడు. ఆ వేషంలో అతను గొప్పగా నటించాడని నేననను. కాని తెలుగులో ఆ పాత్రకు అతనికి ముందు మరో కొలత లేదు. జనం అతన్ని అతనిగానే చూశారు. 2022లో చనిపోయేనాటికి కృష్ణ మూడువందలకు పైగా చిత్రాల నటుడు. ‘అల్లూరి సీతారామరాజు’ కూడా అందులో ఒకటి. మొదట్లోనే మార్చి ఉంటే, మార్చినవాళ్ళ తీర్పు సరైనదని ఈనాటికీ అనుకుంటూ ఉండేవాళ్ళం. తీసేసినవాడు తన అర్హత రుజువు చేసుకోలేడు గనక, తీసేసినవాడి తీర్పు ఎప్పుడూ ఓడిపోదు.

ఇక నా సంగతి. బాండును ఉద్యోగంనుంచి తీసేసిన మరుసటి ఏడు నేను బళ్ళో పంతులుగా చేరాను. సాయంకాలాలు మా నాటక సమాజానికి కార్యదర్శిని. మేం వేసే నాటకంలో నాయకుడు సమ్మె చేసే మిల్లు కార్మికుడు. ఆ వేషం నాలుగేళ్ళుగా ఒక బ్యాంకు గుమాస్తా వేసేవాడు. మంచి గొంతు. మూడో అంకంలో భుజంమీది తువ్వాలు దులిపి చేతులు తుడుచుకుంటూ యజమాని వంక తిరిగితే, చప్పట్లకు డైలాగు ఆగిపోయేది. అతనికి బదిలీ అయింది. పరిషత్తు పోటీలు రెండు నెలల్లో ఉన్నాయి. అప్పుడు ఈ ఫిట్టరు వచ్చాడు.

ఒక్క ప్రదర్శన ఇచ్చాడు. మూడో అంకంలో తువ్వాలు ముట్టుకోలేదు. జేబులోంచి నూలు వేస్టు తీసి వేళ్ళ సందులు ఒక్కొక్కటే తుడుచుకుంటూ, తల ఎత్తకుండా, యజమానికి చెప్పవలసిన మాట నెమ్మదిగా చెప్పాడు. చప్పట్లు పడలేదు. వెనక వరసలకు వినిపించలేదన్నది నిజం. ఆ రాత్రి కమిటీ కూచుంది. “పాతాయనలా లేడు” అన్నాన్నేను. ఒకాయన ఇంకో అడుగు ముందుకు వేసి, కార్మికుడిలా లేడన్నాడు. నిజం కార్మికుణ్ణి పట్టుకుని ఆ మాట అన్నందుకు మాలో ఎవరికీ నవ్వు రాలేదు. అభ్యుదయ నాటకాలు ఆడేవాళ్ళం మేం.

మర్నాడు ఈ సంగతి అతనికి చెప్పటం నా వంతయింది. మిల్లు గేటు దగ్గర కలిశాను. అతను విని, “నాకు తెలీక అడుగుతున్నా మాస్టారూ, పాతాయనలా చెయ్యాలా, మిల్లులో మనిషిలా చెయ్యాలా? ముందే చెబితే అట్లాగే చేసేవాణ్ణిగా” అన్నాడు. నేను గొంతు సంగతి ఎత్తాను. గొంతు సాధనతో వస్తుందని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. అతను తలూపి, షిఫ్టుకు వేళయిందని లోపలికి వెళ్ళిపోయాడు. మళ్ళీ మా రిహార్సలు గది గుమ్మం తొక్కలేదు. తువ్వాలు దులపటం వచ్చిన మరొకరు దొరికారు. పోటీల్లో మాకు రెండో బహుమతి వచ్చింది.

లేజన్‌బీకి ఆ పాత్ర నిలబెట్టుకునే అర్హత ఉందా అని నన్నడిగితే, రెండో సినిమాకు ఉందంటాను. అంతకుమించి మొదటి సినిమా చూసి ఎవరూ చెప్పలేరు. దాన్ని అతను తన చేతులారా పోగొట్టుకున్నాడు. అందుకు అతని దగ్గర ఒక సంజాయిషీ అయినా ఉంది. ఫిట్టరు ఏదీ పోగొట్టుకోలేదు. అతనికి కావలసింది రెండు నెలల గొంతు సాధన. అది నేర్పించగల సమాజమే మాది, పరిషత్తుకు ఆ రెండు నెలల వ్యవధీ ఉంది.

అతను గేటు దగ్గర అడిగిన ప్రశ్నకు నేనప్పుడు జవాబు చెప్పలేదు. మిల్లులో మనిషిలాగే చెయ్యమని చెప్పి ఉండవలసింది.