సున్నకు రెండు అర్థాలు

గణితంలో సున్నకు విలువ ఒక్కటే. ఆరోగ్య కేంద్రపు మలేరియా రిజిస్టరులో మాత్రం దానికి రెండు అర్థాలున్నాయి. జ్వరంతో వచ్చినవారి రక్తాన్ని పరీక్షించగా ఎవరిలోనూ పరాన్నజీవి కనిపించలేదన్నది ఒకటి. అసలు ఎవరినీ పరీక్షించలేదన్నది రెండవది. కాగితంపై ఈ రెండు సున్నలూ ఒకేలా ఉంటాయి.

ఈ భేదం చిన్నది కాదు. 1965లో సుమారు లక్ష కేసులకు దిగివచ్చిన మలేరియా, 1976 నాటికి దేశంలో 64 లక్షలకు పెరిగింది. రోగం పోయిందన్న నిశ్చింతతో నిఘా సడలడం అందుకొక కారణం. ఆ ఉధృతి సాగుతున్న 1975లోనే భారత వైద్య పరిశోధన మండలి పుదుచ్చేరిలో కీటక నియంత్రణ పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పింది.

ఈ పట్టణంలో సరియైన లెక్క వ్రాయడం సులభం కాదు. పుదుచ్చేరి భూభాగం తమిళనాడు గ్రామాల నడుమ ముక్కలు ముక్కలుగా ఉంది. జిప్మర్ వంటి ఆసుపత్రులకు విల్లుపురం, కడలూరు జిల్లాల నుండి కూడా రోగులు వస్తారు. చికిత్స పొందిన చోటు ఒకటి, నివాసం మరొకటి, దోమ కుట్టిన ఊరు ఇంకొకటి కావచ్చు. చిరునామా గడిలో “పుదుచ్చేరి” అని వ్రాసి ఊరుకుంటే, సిబ్బంది ఇక్కడి వీధులు గాలిస్తారు. దోమలు అక్కడ నిశ్చింతగా పెరుగుతాయి. నగరాల్లో మలేరియాను వ్యాపింపజేసే అనాఫిలిస్ స్టీఫెన్సీ బావులలోను, మిద్దెలపై నీటి ట్యాంకులలోను గుడ్లు పెడుతుంది. కనుక వీధి పేరు, ఇంటి నంబరు లేని నివేదిక దానిని పట్టి ఇవ్వలేదు.

మందుల వివరమూ అంతే ముఖ్యం. వైవాక్స్ మలేరియాకు 14 రోజుల ప్రైమాక్విన్ చికిత్స పూర్తికాకుంటే, కాలేయంలో దాగిన పరాన్నజీవి నెలల తరువాత మళ్ళీ జ్వరం తెప్పించవచ్చు. పాత నమోదు లేనప్పుడు అది కొత్త రోగమో, పాతది తిరగబెట్టిందో తేల్చడం కష్టం.

చైనాలో కేసును ఒక రోజులో నివేదించి, మూడు రోజుల్లో విచారించి, ఏడు రోజుల్లో నివారణ చర్య తీసుకునేవారు. 2021లో ఆ దేశం మలేరియారహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. మన గడువు 2030.

అందుకు కావలసినవి సామాన్యమైన పనులే: కేసుల పక్కన పరీక్షల సంఖ్య కూడా వ్రాయడం, ప్రయోగశాల రిజిస్టరును నెలవారీ నివేదికతో సరిపోల్చడం, కొన్ని రక్తపు స్లయిడ్లను మరొకచోట తిరిగి పరీక్షించడం, అన్నింటికీ మించి, అంకెలు పంపిన ఉద్యోగికి వాటి ఫలితం తెలియజేయడం. జవాబు రాని ఉత్తరాన్ని ఎవరైనా ఎన్నాళ్ళు శ్రద్ధగా వ్రాస్తారు?

మలేరియా లేని పట్టణం చివరికి సున్ననే వ్రాస్తుంది. ఆ సున్న వెనుక ఎన్ని పరీక్షలున్నవో చెప్పగలిగిననాడే దానిని నమ్మవచ్చు.