తలకోన మడుగులో ఒక శంక

తిరుపతినుండి భాకరాపేట మీదుగా నెరబైలు చేరి, అటనుండి అడవిదారిని తలకోనకు పోవువారు 270 అడుగుల ఎత్తునుండి దుముకు జలధారక్రింద తడిసి, సిద్ధేశ్వరస్వామికి మ్రొక్కి మరలిపోవుదురు. నేనును మ్రొక్కితిని గాని, నా మనస్సు మాత్రము ధారవేగము చల్లారి, నీరు ఇసుకమీద బద్ధకముగా పరచుకొను దిగువమడుగుకడనే చిక్కుపడినది.

జంతుశాస్త్రము చదువుచున్న మా మేనల్లుడు నీటియొడ్డున చతికిలబడి, "మామా, ఇదో చూడు, టెట్రాలు! అక్వేరియం అంగట్లో ఉండేవి ఇవే గదా?" అనెను. రెండంగుళములకు మించని చేపలు, ఎండపొడ తగిలినప్పుడెల్ల వెండిరేకులవలె తళుక్కుమనుచు, మా నీడ కదలినంతనే రాతిచాటున కొదిగి, అంతలోనే మరల వచ్చుచుండెను.

టెట్రాలు అమెరికా, ఆఫ్రికా ఖండములలో పుట్టినవి. హిందూదేశపు ఏళ్లలో సహజముగా లేవు. అయినను కొనితెచ్చిన చేపలను, తొట్టి కడుగుటకు బద్ధకించి, వాగులపాలు చేయు పుణ్యాత్ములకు మనయందు కొదువలేదు గనుక, పుట్టినిల్లును బట్టి మాత్రమే తీర్పు చెప్పక చేప యొడలినే సాక్ష్యమడుగుదమంటిని. 1989లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర జాతీయోద్యానవనమున వల వేయుట తగదు. వాడు ఫోనుతో బొమ్మ తీసి, పెద్దది చేసి చూపెను. టెట్రాలలో చాలవానికి వీపురెక్కకును తోకకును నడుమ ఎముకలేని చిన్న మాంసపురెక్క యొకటి యుండును. మా చేపకో, వీపురెక్క వెనుక వెన్ను నున్నగా తోకదాక సాగినది. మొప్పవెనుక ఒక నల్లచుక్క, తోకమొదటికి ముందు అంతకంటె పెద్దచుక్క, మూతికి మీసములు లేవు.

"పక్కెలేనా!" అని వాడు నిట్టూర్చెను. ఔను, 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ తన గంగామత్స్యగ్రంథమున వర్ణించిన టిక్టోయే అది. 2012లో దానిని పెథియా అను క్రొత్త ప్రజాతిలో చేర్చిరి. అంగడిలోని నియాన్ టెట్రా పూర్వులు పశ్చిమ అమెజాను అడవులలో, రాలిన ఆకులు నాని గోధుమవన్నె పట్టిన, లవణములు మిక్కిలి తక్కువైన పులుపునీటివాగులందు పుట్టి పెరిగినవి. టిక్టోకు అంతటి నియమము లేదు. మెల్లని లోతులేని నీరును, ఇసుకయో బురదయో గల అడుగును ఉన్నచో చాలును.

"దీనికోసం ఇంతదూరం ఎందుకొస్తిమి మామా, మనూరి చెరువులోనే ఉంటాయి గదా!"

వాని ప్రశ్న న్యాయమైనదే. వానిని చేయిపట్టుకొని మీదికి, నీరు నురుగులు గ్రక్కుచు పారుచోటికి నడిపించి, నోటిక్రింది బిళ్లతో రాతిని కఱచుకొని, ప్రవాహమున కెదురుగా నిలిచియున్న మఱియొక చేపను చూపితిని. అది చెరువున వెదకిన దొరకునది కాదు.