మదనపల్లెలో బిషప్పులు లేని సంఘానికి బిషప్పు

మదనపల్లె టమాటా లారీలను తప్పించుకుని మేం లోపలికి వెళ్లేసరికి ఆదివారం ఆరాధన మొదలైంది. బోర్డు మీద సిలువ, చుట్టూ తామరరేకులు. అది సీఎస్‌ఐ, అంటే దక్షిణ ఇండియా సంఘం గుర్తు. అయ్యగారు కీర్తన నంబరు చెప్పగానే అట్టలూడిన పుస్తకాలు తెరుచుకున్నాయి. ముసలివాళ్లు మాత్రం పుస్తకం ముట్టకుండానే అందుకున్నారు.

ఈ సంఘం పుట్టినప్పుడు దానికి బిషప్పు లేడు. 1863లో ఇక్కడ మకాం పెట్టిన డాక్టర్ జేకబ్ చాంబర్లేన్ అమెరికా రిఫార్మ్‌డ్ చర్చి ఆర్కాటు మిషన్ మనిషి. ఒకచేత్తో వైద్యం చేస్తూనే తెలుగు బైబిలు సవరణలోనూ పాలుపంచుకున్నాడు. వాళ్లది ప్రెస్బిటేరియన్ పద్ధతి: పాలన సంఘ పెద్దలది, పాస్టర్లంతా సమానం. అందుకే స్కాట్లండ్ మిషన్ ప్రెస్బిటేరియన్లతో చేతులు కలపడం తేలికైంది. అది మేనరికం లాంటి సంబంధం. 1908 జూలైలో కాంగ్రిగేషనల్ సంఘాలూ చేరి ‘దక్షిణ భారత ఐక్య సంఘం’ ఏర్పడింది. చాంబర్లేన్ అది చూడలేదు, ఆ మార్చిలోనే పోయాడు.

అసలు చిక్కు ఆంగ్లికన్లతో వచ్చింది. 1919 మేలో తరంగంబాడిలో 33 మంది కూర్చుని కలిసిపోదామన్నారు. వారిలో దోర్నకల్ బిషప్పు అజరయ్య ఒకరు. బిషప్పు లేకుండా సంఘమేమిటని ఆంగ్లికన్లు, ఇన్నాళ్లూ లేకుండా నడవలేదా అని మిగతావాళ్లు. ఈ వాదన 28 ఏళ్లు సాగింది. 1945లో అజరయ్య కన్నుమూశారు. చివరికి రాజీ కుదిరింది: బిషప్పులుంటారు. పాత పాస్టర్లకు మళ్లీ అభిషేకం అక్కర్లేదు. మనస్సాక్షి ఒప్పని పాస్టరును ఏ సంఘం మీదా రుద్దరు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో మెథడిస్టులతో సహా అంతా సీఎస్‌ఐగా ఒక్కటయ్యారు. ఆ రోజు బిషప్పులైన తొమ్మిది మందిలో లెస్లీ న్యూబిగిన్ ఒకరు. వయసు 37, పుట్టింది ఇంగ్లండులో, అభిషేకం స్కాట్లండ్ ప్రెస్బిటేరియన్లలో!

నంద్యాల వైపు ఆంగ్లికన్లు చాలామంది మాత్రం ససేమిరా అన్నారు. వాళ్లు కలవడానికి 1975 దాకా పట్టింది.

నిజానికి మామూలు జనం ఇంతకాలం ఆగలేదనిపిస్తుంది. ఊరికి కూతవేటు దూరంలో, ఆరోగ్యవరంలో, పలు మిషన్లు కలిసి 1912లోనే క్షయ ఆసుపత్రికి పూనుకున్నాయి. కీర్తనల పుస్తకం సంగతీ అంతే. బాప్టిస్టు పురుషోత్తమ చౌదరి కట్టిన పాటలను తెలుగునాట అన్ని మిషన్ల సంఘాలూ పాడుకున్నాయి.

ఆరాధనయ్యాక కమిటీ సభ్యులు వరండాలో కుర్చీలు లాక్కున్నారు. ప్రెస్బిటేరియన్ వాసన ఎక్కడైనా మిగిలిందంటే ఇక్కడే. ప్రహరీకి సున్నం కొట్టించాలి, కానుకల లెక్క తేలాలి. అయ్యగారు ఒక అంకె చెప్పారు. ఒక పెద్దాయన కళ్లజోడు సవరించుకుని, రసీదులు చూపించమన్నాడు.