ఇంటికి కొత్త ముఖం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రెండూ ఒకే ఏడాది నెత్తిన పడితే ఏం చేయాలో మాత్రం చెప్పకుండా తప్పించుకున్నారు. మాకు పడింది పూర్తి ఇల్లు కాదు లెండి, ఇంటి ముందు భాగమే. పూర్తి పెళ్లి కూడా కాదు, మా అమ్మాయి నిశ్చితార్థం. అయినా సగమూ సగమూ కలిస్తే ఒకటే గదా!

సంగతేమిటంటే, మాకు కాబోయే వియ్యాలవారు హైదరాబాదులో స్థిరపడినవాళ్లు. "నిశ్చితార్థం మీ సొంత ఊళ్లోనే పెట్టుకుందాం, మాకూ పల్లె చూసినట్టుంటుంది" అన్నారు. మాట మర్యాదగానే ఉంది. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. మా సొంత ఊరంటే మిడుతూరు. 2022లో నంద్యాల జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉండేది. అక్కడ మావారి తాతగారు కట్టిన మట్టిమిద్దె ఉంది. అందులో మా అత్తగారు ఒక్కరే ఉంటారు. మేము కర్నూల్లో ఉంటాం.

ఆ ఇల్లు ఎలా ఉంటుందో మీకు చెప్పాలి. రెండడుగుల మందాన రాతిగోడలు, రాళ్ల మధ్య ఎర్రమన్ను. పైన దూలాలు, దంతెలు, వాటిమీద బండలు, బండల మీద మన్ను, ఆ పైన చవుడు. చవుడంటే పైరు మొలవని ఉప్పునేల మన్ను. పొలానికి శత్రువైన ఆ మన్నే మిద్దెకు గొడుగు. నీళ్లు తగలగానే మెత్తబడి సందులన్నీ పూడ్చేసి చుక్కను కిందికి దిగనివ్వదు. ఏటా మృగశిర కార్తెకు ముందే మా అత్తగారు మిద్దె మీద కొత్త చవుడు వేయించుకుంటారు. వీధివైపు తలవాకిలికి అటొకటి ఇటొకటి రెండు అరుగులు. వాటిమీద బేతంచెర్ల బండలు, కూర్చుని కూర్చుని అద్దంలా నున్నబడినవి.

ఇంతవరకూ వింటే "ముచ్చటగా ఉందే!" అంటారు. ముందుగోడ చూస్తే అనరు. నడుమెత్తు వరకూ బొబ్బలు, పొలుసులు, వాటి అంచుల్లో తెల్లగా ఉప్పు. వేలితో తాకితే పెంకులు పెంకులుగా రాలుతుంది. 2010లో ఆ గోడకు సిమెంటు పూయించి పైన రంగు కూడా వేయించాం. అయినా ఇదీ వరస! పాత ఇల్లు పాత ఇల్లే, ఎంత పెట్టినా దండగ అనుకున్నాను. వియ్యపురాలు కారు దిగగానే ఆ గోడే కదా ఎదురయ్యేది!

వెంటనే ఒక కాంట్రాక్టరు కుర్రాణ్ణి పిలిపించాను. చురుకైనవాడు. సెల్‌ఫోన్లో పాతిక ఇళ్ల బొమ్మలు చూపించాడు. "ఎలివేషన్ మొత్తం మార్చేద్దాం మేడమ్" అన్నాడు. ఆ మాటతోనే సగం నిశ్చింత కలిగింది నాకు. అరుగులు తీసేస్తాడట. ఆ జాగాలో కారు నిలుస్తుంది. ముందు స్టీలు గేటు. గోడంతా టైల్స్.

"ఎలాంటి టైల్సయ్యా?" అన్నాను.

"అచ్చం రాతిగోడలాగా కనిపించేటివి మేడమ్. ఇప్పుడదే ఫ్యాషన్."

రాతిగోడను మూసి, దానిమీద రాతిగోడలా కనిపించే టైల్స్ అంటించడం! ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ రోజు మాత్రం తల ఊపాను. మావారు అంచనా కాగితం చూసి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. "నీ ఇష్టం" అన్నారు. మగవాళ్లు ఆ రెండు మాటలూ ఎప్పుడంటారో మీకు తెలియనిది కాదు.

మా అత్తగారు మాత్రం ఏమీ అనలేదు. అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు. సాయంత్రం మూడిళ్ల ఆడవాళ్లు వచ్చి పక్కన చేరారు. పొలం నుంచి వస్తున్న ఒకావిడ గడ్డిమోపు అరుగు మీదికి దించి, చెంబెడు నీళ్లు తాగి, మళ్లీ మోపు ఎత్తించుకుని వెళ్లింది. ఎవరో పిల్లవాడు సంచి అక్కడ పడేసి ఆటకు పరుగెత్తాడు. నేను వాకిట్లో నిలబడి కారు ఎటువైపు తిప్పితే బాగుంటుందా అని కొలతలు వేస్తున్నాను.

అందరూ వెళ్లాక అత్తగారు మెల్లగా అన్నారు. "అరుగులు తీసేస్తే మనుషులు యాడ కూర్చోవల్ల పాపా?"

"లోపల హాల్లో కుర్చీలు వేయిద్దాం అత్తా."

"లోపలికి చుట్టాలొస్తారు. గడ్డిమోపుతో లోపలికొస్తారా ఎవరన్నా?"

నా దగ్గర జవాబు లేదు. ఆవిడ తలవాకిలి వైపు చూశారు. ఆ తలుపులు ఈ ఇంటివి కావు. ఆవిడ పుట్టింటివి. 1981లో శ్రీశైలం జలాశయం నీళ్లకింద మునిగిన పల్లెల్లో వాళ్ల ఊరొకటి. ఉన్న ఇల్లు తామే విప్పుకుని, దూలాలు ఒకరు, ద్వారబంధాలు ఒకరు పంచుకున్నారట. ఈ తలుపుల్ని ఎడ్లబండి మీద మిడుతూరు తెచ్చుకున్నారు. కృష్ణా తీరాన మునిగిన సంగమేశ్వరం గుడి ఏటా నీళ్లు తగ్గినప్పుడు బయటపడుతుంది, జనం వెళ్లి మొక్కుకుంటారు. ఆవిడ పుట్టింటి మన్నుగోడలకు ఆ యోగం లేదు. నీళ్లలో మన్ను మన్నైపోయింది.

"ఒక ఇంటి అరుగు నీళ్లకిచ్చినాను. ఇది కారుకిమ్మంటున్నావు" అన్నారు. కోపంగా కాదు, శనక్కాయల చాట ఎత్తుకుంటూ, మామూలుగా.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంతమాత్రాన మనసు మారిపోయిందనుకోకండి. అరుగుల సంగతి ఎలా ఉన్నా గోడ సంగతి గోడదే కదా! నిశ్చితార్థానికి ఇంకా నెలన్నర కూడా లేదు.

మర్నాడు అత్తగారే కబురు పెట్టి ఒక పెద్ద బేల్దారిని పిలిపించారు. డెబ్బై దాటినవాడు. ముందుగోడ చూడకుండానే నన్ను పక్క సందులోకి తీసుకువెళ్లాడు. అటుపక్క గోడకు మేము సిమెంటు వేయించలేదు, ఎవరు చూస్తారులే అని. దానికి అత్తగారు ఏటా పండక్కి సున్నం కొట్టించి కింద జాజుతో ఎర్ర పట్టీ వేయిస్తారు, అంతే. ఆ గోడ పొడిగా, గట్టిగా, ముసలితనంలోనూ ఆరోగ్యంగా ఉంది. తర్వాత ముందుకు వచ్చి ఉలితో ఒక బొబ్బను పొడిచాడు. అరచేయంత సిమెంటు పెళ్ల ఊడి పడింది. లోపలి మన్ను తడితడిగా వేలికి అంటుకుంది. వాన పడి మూడు నెలలైంది అప్పటికి!

"నేల చెమ్మ ఎప్పుడూ గోడ ఎక్కుతానే ఉంటాదమ్మా. సున్నమైతే ఎక్కింది ఎక్కినట్టే ఎండకు పోతాది. పైన సిమెంటు మూత పెడితే అది యాడికి పోవల్ల?" అని, "ఎవరమ్మా ఈ పని చేయించింది?" అన్నాడు.

చేయించింది నేనే. 2009 అక్టోబరులో కర్నూలు నగరాన్ని తుంగభద్ర, హంద్రీ ముంచెత్తిన ఆ వరదల నాటి వానలకు ఈ గోడ కింది సున్నం కొంత రాలింది. మరుసటి ఏడు నా సీరియల్ నవలకు వచ్చిన పారితోషికంతో, సున్నం పాతకాలపుదని సిమెంటు పూయించాను. "రాతికీ మన్నుకీ సిమెంటు పడదేమో పాపా" అని అత్తగారు అప్పుడే అన్నారు. నేను వినలేదు. బి.ఏ.లో నేను చదివింది చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతి. వీటిలో ఏ ఒక్కటీ గోడలు పూయడం గురించి కాకపోయినా, డిగ్రీ ఉంటే అన్నీ తెలుసనిపించే వయసు అది.

బేల్దారి అడిగినదానికి నేను నోరు విప్పేలోగా అత్తగారే అందుకున్నారు. "ఆ యేడు వానలట్లొచ్చినాయి, ఏం చేస్తాం" అన్నారు. పద్నాలుగేళ్లుగా ఆ బొబ్బల్ని రోజూ చూస్తూ, ఒక్కసారైనా "నేను చెప్పలేదా" అనని మనిషి! కాంట్రాక్టరుకు ఆ సాయంత్రమే ఫోన్ చేసి వద్దని చెప్పాను.

తరువాత ఈ సంగతులు కొంత చదివి తెలుసుకున్నాను. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే సున్నమవుతుంది. నీళ్లు పోస్తే ఉడికి ముద్దవుతుంది. గోడకు పూశాక గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లమెల్లగా మళ్లీ రాయే అవుతుంది. మా అరుగు మీది బేతంచెర్ల బండ కూడా సున్నపురాయే. అంటే బండా, గోడ మీది పూతా అక్కచెల్లెళ్లన్నమాట. సిమెంటూ ఆ ఇంటి ఆడపడుచే. కాకపోతే బంకమన్ను కలిపి ఇంకా ఎక్కువ వేడిలో కాల్చినది, పట్టు ఎక్కువ, పట్టువిడుపు తక్కువ. ఇటుకా కాంక్రీటూ ఉన్న కొత్త ఇంటికి అది సరైనదే. మన్నుతో కట్టిన గోడకు ఊపిరాడనివ్వదు. లోపల చిక్కిన చెమ్మ ఉప్పును మోసుకొచ్చి, ఆరేచోట గడ్డకట్టించి, పూతను లోపలి నుంచి తోసేస్తుంది. ఇంగ్లండులోనూ పాత ఇళ్లకు ఇదే జబ్బు. అక్కడ విలియం మోరిస్ 1877లో స్థాపించిన పాత కట్టడాల రక్షణ సంఘం ఈనాటికీ అలాంటి గోడలకు సున్నమే వాడమని చెబుతోంది. మా బేల్దారికి ఆ సంఘంతో పనిలేదు. ఉలి ఉంది.

ఆయన ఇంకొక మాటా చెప్పాడు. మా వీధిలో రోడ్డు వేసినప్పుడల్లా పాతదాని మీదే ఇంకో పొర పోశారు. నేను కాపురానికి వచ్చినప్పుడు మూడు మెట్లెక్కితే అరుగు. ఇప్పుడు ఒకటే మెట్టు. వీధి నీళ్లన్నీ గోడ మొదట్లోకే వస్తున్నాయి. కాబట్టి ముందు గోడ వెంట కాలువ, ఆ తర్వాత సిమెంటు ఒలిచివేత, ఒక ఎండాకాలమంతా ఆరబెట్టడం, అప్పుడు సున్నం.

"ఎండాకాలమంతానా! మాఘమాసంలోనే నిశ్చితార్థం" అన్నాను ఏడుపుగొంతుతో.

"గోడకు ముహూర్తం తెలియదమ్మా" అన్నాడు.

చివరికి 2024 ఫిబ్రవరిలో మా అమ్మాయి నిశ్చితార్థం చర్మం ఒలిచిన గోడ ముందే జరిగింది. రాళ్లన్నీ బయటికి కనిపిస్తున్నాయి. మామిడాకులు ఎంత గుబురుగా కట్టినా ఏం దాగుతుంది? వియ్యపురాలు కారు దిగి గోడ వైపు చూస్తూ నిలబడిపోయారు. నేను ముందురోజే వల్లె వేసుకున్న సంజాయిషీ ఒక్క ముక్క గుర్తుకు రాలేదు.

"ఎంత బాగుందండీ! ఏం టైల్స్ ఇవి? మా అపార్టుమెంటులో ఇలాగే పెట్టించాలని మావారిని ఏడాదిగా అడుగుతున్నా" అన్నారావిడ.

మావారు దగ్గు వచ్చినట్టు పక్కకు తిరిగారు. నిజం చెప్పేశాను, నా సిమెంటు కథతో సహా. ఆవిడ నవ్వి, పట్టుచీర ఎత్తిపట్టుకుని అరుగు మీద మా అత్తగారి పక్కనే కూర్చున్నారు. పంతులుగారు లోపలి నుంచి రెండుసార్లు పిలిచేదాకా లేవలేదు. శ్రీశైలం నీళ్లలో ఆవిడ మేనత్తగారి ఊరూ పోయిందట. హాల్లో నేను అద్దెకు తెప్పించి వేయించిన కుర్చీలు సగం ఖాళీగానే ఉన్నాయి.

ఎండలు నలభై డిగ్రీలు దాటించి గోడను ఆరబెట్టాయి. వానలు వెనకబట్టాక, కార్తీకంలో పని మొదలైంది. నెల ముందే గుంటలో సున్నం నానవేశారు. ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుక, కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు. ఒక పూత ఆరాక ఇంకొక పూత, మధ్యలో తడి గోనెపట్టాలు. డబ్బు కాంట్రాక్టరు చెప్పినదాంట్లో సగం కూడా కాలేదు. కాలం మాత్రం మూడింతలు పట్టింది. చివర జాజు పట్టీ అత్తగారే దగ్గర కూర్చుని గీయించారు. పూత మీద అక్కడక్కడా బేల్దారి చేతిగుర్తులు కనబడతాయి. అద్దంలా లేదు. కాని తరువాతి వానాకాలం వెళ్లాక తడిమి చూశాను, పొడిగా ఉంది.

మొన్న వెళ్లినప్పుడు వీధిలో మళ్లీ రోడ్డు పోస్తారని తెలిసింది. ఇంకొక పొర పడితే ఆ ఒక్క మెట్టూ పోతుంది. పాత పొర తవ్వి తీసి, అప్పుడు వేయమని అడగాలని మా వీధి ఆడవాళ్లంతా తీర్మానించుకున్నారు. అర్జీ రాసే పని నవలలు రాసే కోడలికి అప్పగించారు. నేను రాస్తుంటే పదహారుమంది ఒకేసారి చెప్పారు. ఆ పదహారుమందీ ఎక్కడ కూర్చున్నారో వేరే చెప్పనక్కరలేదనుకుంటాను.