వెనక్కి నడిచేవాడే గెలుస్తున్నాడు

బ్యాంకాక్‌లోని రాజదామ్నెన్ స్టేడియంలో ముయే థాయ్ మొదటిసారి చూసేవాళ్లు దాదాపు అందరూ ఒకేచోట తికమకపడతారు. అది ఐదో రౌండ్. అప్పటిదాకా మోకాళ్లతో, కాళ్లతో ఒకరినొకరు కుమ్మేసుకున్న ఇద్దరిలో ఒకడు ఉన్నట్టుండి వెనక్కి నడవడం మొదలుపెడతాడు. చెయ్యి చాచి ఎదుటివాణ్ని దూరం పెడతాడు, తాళ్ల పక్కనే చుట్టూ తిరుగుతాడు. టూరిస్టులు 'బూ' అని అరుస్తారు. గంట మోగాక రెఫరీ ఆ వెనక్కి నడిచినవాడి చెయ్యే పైకెత్తుతాడు. టూరిస్టులకి ఇంకా మండుతుంది.

కబడ్డీ చూసేవాళ్లకి మాత్రం ఇది వెంటనే ఎక్కాలి. ఆరు పాయింట్ల లీడ్‌లో ఉన్న టీమ్ రైడర్ ఆఖరి రైడ్‌లో టచ్ కోసం ఎగబడతాడా? బాక్ లైన్ దాటి, కాసేపు కూత పెట్టి, క్షేమంగా వెనక్కి వచ్చేస్తాడు. ఇక్కడా అంతే. 'నేను గెలిచేశాను, వచ్చి తీసుకో చూద్దాం' అని చెప్పడమే ఆ నడక.

ఆఫీసుకి రెండు నెలలు సెలవు పెట్టి బ్యాంకాక్ శివార్లలో ఒక జిమ్‌లో చేరాను. అక్కడ ట్రైనర్‌ని 'క్రూ' అంటారు. సంస్కృతం 'గురు' నుంచే ఆ మాట అక్కడికి చేరింది. మా క్రూ ఈశాన్య థాయ్‌లాండ్ వరిపొలాల్లో పుట్టినవాడు, ఎనిమిదేళ్లకే ఊరి గుడి జాతరలో మొదటి ఫైట్ చేశాడట. ప్యాడ్స్ పట్టేటప్పుడు నా పంచ్‌లకి ఆయన ముఖంలో ఏ మార్పూ ఉండేది కాదు. తన్ను సరిగ్గా పడితే మాత్రం 'ఓయ్!' అనేవాడు. స్కోరింగ్‌లో నాకు మొదటి పాఠం ఆ 'ఓయ్'.

స్టేడియం లెక్కలో పంచ్ తగిలితే చాలదు. ఎదుటివాడు తూలాలి, కనీసం తల వెనక్కి విసురుగా వెళ్లాలి. తన్ను అలా కాదు. డొక్కలో శుభ్రంగా పడిందంటే జడ్జి కంట్లో పడినట్టే. అదే తన్నుని మోకాలు పైకెత్తి, కాలి ముందెముకతో అడ్డుకుంటే దానికి విలువ లేదు. తొడల మీద తన్నితే అవతలివాడు కుంటేదాకా పెద్దగా లెక్కలోకి రాదు. మెడ పట్టుకుని దగ్గరకి లాగి వేసే మోకాలి పోట్లకి మంచి విలువ. వీటన్నిటి కింద ఒక అసలు సూత్రం ఉంది: నిలకడ. తన్నినా, తన్నించుకున్నా కదలకుండా నిలబడాలి. కాలు పట్టుకుని కింద పడేసినవాడు నిలబడే ఉంటే, పడినవాడికి దెబ్బ తగలకపోయినా పరువు పోయినట్టే. నొప్పి ముఖంలో చూపించినా అంతే. అందుకే గట్టిగా తగిలినప్పుడు నవ్వేవాళ్లు కనిపిస్తారు. (నేను నవ్వి చూశాను. క్రూ ఇంకా గట్టిగా కొట్టాడు.)

రౌండ్ గెలిచినవాడికి 10, ఓడినవాడికి మామూలుగా 9. మూడేసి నిమిషాల ఐదు రౌండ్లు, మధ్యలో రెండేసి నిమిషాల విరామం. అన్ని రౌండ్లూ సమానమే అనిపిస్తుంది కానీ, ఆచారం వేరు. మొదటి రెండూ ఒకరినొకరు చదువుకోవడానికి, చాలాసార్లు 10-10. అసలు ఆట మూడు, నాలుగు రౌండ్లలో. ఐదోది తేలకపోతే తేల్చుకోవడానికి, తేలితే నడవడానికి.

ఈ లయ వెనక పందేలున్నాయి. గ్యాలరీలో వేళ్లతో సైగలు చేసే పందెగాళ్లు రెండు రౌండ్లు చూసి, మూడో రౌండ్ నుంచి డబ్బు పెడతారు. ప్రతి మోకాలి పోటుకీ వాళ్లు పెట్టే అరుపు జడ్జీల చెవిలో పడకుండా ఉండదు కదా! కళనీ వాళ్లే పోషించారు, దాని మీద అనుమానమూ వాళ్లే తెచ్చారు. రెండూ నిజమే.

ఇప్పుడు ఆ లయ మారుతోంది. 1945లో మొదలైన రాజదామ్నెన్‌లో 2022 నుంచి ఆర్‌డబ్ల్యూఎస్ పేరుతో మూడు రౌండ్ల సిరీస్ నడుస్తోంది. రౌండ్ అవ్వగానే స్కోరు అందరికీ చూపిస్తారు. లుంపినీ స్టేడియంలో 2023 జనవరి నుంచి వన్ ఫ్రైడే ఫైట్స్. మనం ఫోన్‌లో చూసే క్లిప్పులు చాలావరకు ఇవే. చిన్న గ్లోవ్స్, మూడు రౌండ్లు, నష్టం కలిగించేవాడికి పెద్దపీట. బాగా ఆడి నాకౌట్ చేస్తే 3,50,000 బాట్ బోనస్ దొరికే అవకాశం. చదువుకోవడానికి రౌండ్లు లేవు, వెనక్కి నడిచేందుకు రౌండూ లేదు.

నాకు పాత ఐదు రౌండ్లే ఇష్టం. కానీ ఆ మాట క్రూ దగ్గర అంటే నవ్వాడు. 'నువ్వు టికెట్ కొనేవాడివి, నా కొడుకు దెబ్బలు తినేవాడు' అన్నాడు.

ఆ పిల్లాడికి పదిహేడేళ్లు. చిన్నప్పటి నుంచి తండ్రి నేర్పిందంతా పాత పద్ధతే: ఓపిక, దూరం, సరైన తన్ను, నిలకడ. అలా తెలివిగా ఆడేవాళ్లని అక్కడ 'ఫీమూ' అంటారు. లుంపినీలో నాలుగు బరువుల్లో ఛాంపియన్ అయిన సమార్ట్ పాయకరూన్ పేరు చెప్పేటప్పుడు క్రూ గొంతు మారుతుంది. కొడుకు కూడా అచ్చం ఫీమూయే. మూడు రౌండ్ల కార్డులో మొన్న మొదటిసారి ఆడాడు. మొదటి రౌండ్ అలవాటు ప్రకారం అవతలివాణ్ని చదివాడు. చదవడం పూర్తయ్యేసరికి పదికి తొమ్మిదితో వెనకబడి ఉన్నాడు. రెండోది గెలిచాడు. మూడోదాంట్లో కొద్ది తేడాతో మ్యాచ్ పోయింది. ఇంకో రెండు రౌండ్లుంటే వాడిదే అని జిమ్‌లో అందరూ అన్నారు. క్రూ మాత్రం ఏమీ అనలేదు. ఓడినా వచ్చిన డబ్బు, ఆయన ఒకప్పుడు ఐదు రౌండ్లు గెలిచి తెచ్చుకున్నదాని కంటే ఎక్కువట.

మర్నాడు తెల్లవారుజామున కొడుకుకి ప్యాడ్స్ పట్టాడు. గంట కొట్టగానే ముందుకి దూకమంటున్నాడు. వాడు రెండడుగులు వేసి, అలవాటుగా ఆగి, అవతలి కాలు ఎటు కదులుతుందో చూస్తున్నాడు. 'చూడకు, కొట్టు' అని అరిచాడు క్రూ. పదేళ్లుగా ఆయన 'కొట్టకు, చూడు' అని అరిచింది కూడా ఆ పిల్లాడి మీదే.