దెయ్యం తిరిగొచ్చింది, డాక్టరు రాలేదు

ఏ దెయ్యం సినిమా ఎలా ఉందో తెలియాలంటే మా నాతవరంలో రేటింగులు చూడక్కర్లేదు. నర్సీపట్నంలో ఫస్ట్ షో చూసొచ్చిన ఆడవాళ్ళు మర్నాడు పొద్దున్న ఏం మాట్లాడుకుంటున్నారో వింటే చాలు. భయపడ్డామని ఎవరూ ఒప్పుకోరు. "ఏటీ నేదు, సౌండే ఎక్కువ" అంటారు. కానీ ఆ రాత్రి పెరట్లోకి వెళ్ళాలంటే మాత్రం ఇంకొకరిని తోడు లేపుతారు. అలా తోడు లేపితే సినిమా బాగున్నట్టే.

2023 సెప్టెంబరు 28న ‘చంద్రముఖి 2’ వచ్చినప్పుడు మా వీధిలో ఎవరూ ఎవర్నీ తోడు లేపలేదు. పాత చంద్రముఖి అంటే అంత ఇష్టం ఉన్నవాళ్ళం, బస్సెక్కి గుంపుగా వెళ్ళాం. తిరుగు ప్రయాణంలో అందరిదీ ఒకటే మాట, "జ్యోతిక ఏదీ?" అని. లారెన్స్ బాగానే కష్టపడ్డాడు, కంగనా డాన్సు కూడా చేసింది, వడివేలు మళ్ళీ వచ్చాడు. అయినా మా తోడికోడలు తేల్చేసింది: "పాత పులుసులో కొత్త నీళ్ళు పోసి మరిగించారక్కా." ఇంటర్ చదివే మా అమ్మాయి అయితే ఇంటర్వెల్ నుంచీ ఫోన్ చూసుకుంటూనే ఉంది.

మాతో వచ్చిన మా పిన్ని మాత్రం ఏమీ అనలేదు. ఆవిడ ఎందుకు మాట్లాడలేదో చెప్పే ముందు ఈ కథ పుట్టుపూర్వోత్తరాలు కాస్త చెప్పాలి.

దీనికి పుట్టిల్లు కేరళ. 1993లో ఫాజిల్ తీసిన ‘మణిచిత్రతాళు’. అందులో గంగ వేషం వేసిన శోభనకి జాతీయ ఉత్తమనటి అవార్డు వచ్చింది. 2004లో పి. వాసు దాన్ని కన్నడంలో ‘ఆప్తమిత్ర’గా తీశారు. అందులో గంగ మన సౌందర్య. ఆ సినిమా విడుదలయ్యే నాటికి ఆవిడ లేదు, ఆ ఏడాది ఏప్రిల్‌లోనే విమాన ప్రమాదంలో పోయింది. 2005 ఏప్రిల్ 14న అదే వాసు, రజనీకాంత్, జ్యోతికలతో ‘చంద్రముఖి’ తెచ్చారు. చెన్నై శాంతి థియేటర్లో 800 రోజులకు పైగా ఆడింది. హిందీలో 2007లో ‘భూల్ భులయ్యా’ అయింది. మనకి 2010లో వెంకటేశ్, అనుష్కలతో ‘నాగవల్లి’ వచ్చింది.

బి.ఏ.లో తెలుగు చదువుకున్నదాన్ని కదా, ఇందులో భాష సంగతి నన్ను వదలదు. గమనించారా, ఈ కథలో దెయ్యానికి ఎప్పుడూ పొరుగు భాషే. మలయాళం సినిమాలో నాగవల్లి తంజావూరు నుంచి వచ్చిన తమిళ నర్తకి. కన్నడానికి, తమిళానికి వచ్చేసరికి ఆమె తెలుగు మనిషి అయిపోయింది. ‘రారా’ పాట తమిళ సినిమాలోనూ తెలుగులోనే ఉంటుంది. హిందీలో మంజులిక బెంగాలీ. ఇంట్లో మెలిగే పిల్ల ఉన్నట్టుండి మనకి రాని భాష మాట్లాడితే చాలు, చూసేవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది. ఆ నర్తకి నిజానికి చేసిన పాపం ఏమిటి? ఇష్టపడ్డవాడితో బతుకుదామనుకుంది. రాజు ఆమెను ఎత్తుకొచ్చి, అతన్ని చంపి, ఆమెను తగలబెట్టాడు. పేరు మాత్రం ఆవిడకే మిగిలింది, దెయ్యం అని.

ఇక మా పిన్ని. ఆవిణ్ణీ ఈ ఊరే ఇచ్చారు. నాకు అమ్మ తర్వాత అమ్మ. అడిగే రాస్తున్నాను. "పేరు రాయకమ్మీ, మిగతాదంతా రాయి" అంది.

తొలిచూలు బిడ్డ పురిట్లోనే పోయాక పిన్నికి నిద్ర పోయింది. రాత్రిళ్ళు లేచి కూర్చుని ఎవరితోనో మాట్లాడేది, తిండి ముట్టేది కాదు. ఓ రోజు తలుపు గడియ పెట్టుకుని పొద్దుపోయేదాకా తియ్యలేదు. గాలి సోకిందన్నారు. వేపమండలతో కొట్టారు. సాంబ్రాణితో మొదలుపెట్టి మిరపకాయల పొగ దాకా వెళ్ళారు. "ఎవరు నువ్వు? పేరు చెప్పు" అని జుట్టు పట్టుకుని అడిగేవారట. నొప్పి భరించలేక ఓసారి ఏదో చచ్చిపోయిన మనిషి పేరు చెప్పేసింది. దాంతో దెయ్యం ఖాయమైపోయింది. మోచేతి పైన వాతల మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. అందుకే ఎండాకాలంలో కూడా మోచేతులు దాటిన జాకెట్టు వేసుకుంటుంది. మూడేళ్ళకి మా బాబాయికి ఎవరో చెబితే విశాఖపట్నం చినవాల్తేరులోని మానసిక వైద్యశాలకి తీసుకెళ్ళాడు. అక్కడ పేరు చెప్పమని అడిగితే పిన్ని భయపడి వణికిందట. "నీ పేరేనమ్మా" అన్నాట్ట డాక్టరు. మాత్రలతోనే నెమ్మదించింది. తర్వాత ఇద్దరు పిల్లల్ని కని పెంచింది. ఇప్పుడు మనవల్ని కసురుతోంది.

2005లో నాకు కొత్తగా పెళ్ళయింది. చంద్రముఖికి పిన్నే నన్ను తీసుకెళ్ళింది. జ్యోతిక మంచం ఎత్తినప్పుడు హాలంతా కేకలు. పిన్ని కళ్ళార్పకుండా చూస్తోంది. ఆవిడకి కన్నీళ్ళు ఆ తర్వాత వచ్చాయి. ఇది దెయ్యం కాదు, జబ్బు, గంగ చంద్రముఖిని తనలో ఊహించుకుంటోందని డాక్టరు భర్తకి చెప్పే దగ్గర. ఆ చివర్న మంత్రవాది కూడా డాక్టరు చెప్పినట్టే వింటాడు. రాజు స్థానంలో బొమ్మని పెట్టి, చంద్రముఖి పగ తీరిందనిపించి, గంగని మిగుల్చుకుంటారు. ఒక్కళ్ళూ ఆమెని కొట్టరు. బయటికొచ్చాక పిన్ని అన్నది ఇంకా గుర్తు: "ఆ పిల్లకి మంచి మొగుడు దొరికాడమ్మీ." అప్పుడు కూడా హాలు ఖాళీ అవుతుంటే సగం మంది దెయ్యం దెయ్యం అనుకుంటూనే వెళ్ళారు. కానీ జబ్బు అన్న మాట తెర మీద అంత పెద్ద హీరో నోట వినపడింది. పిన్నికి అదే చాలు.

మరి రెండో భాగంలో? ఈసారి చంద్రముఖి నిజంగానే ఆత్మ. ఇంట్లో పిల్లని ఆవహిస్తుంది. రాజు ఆత్మ కూడా వస్తుంది, ఇద్దరూ కత్తులు దూసుకుంటారు. జబ్బన్న మాటకి చోటే లేదు. ఒక్క మన దగ్గరే కాదు. హిందీ వాళ్ళూ 2007లో జబ్బని చెప్పి, 2022లో వచ్చిన రెండో భాగంలో నిజం దెయ్యాన్నే దించారు. సినిమా అన్నాక దెయ్యాలుంటాయి. ‘అరుంధతి’ని నేనూ నాలుగుసార్లు చూశాను, పశుపతి గొంతు వినపడితే ఇప్పటికీ గరిట జారుతుంది. దాంతో నాకు పేచీ లేదు. అరుంధతి మొదటి నుంచీ దెయ్యం కథే. జబ్బని ఒకసారి చెప్పిన కథ, మళ్ళీ అదే పేరుతో వచ్చి "కాదు, దెయ్యమే" అంటేనే చిక్కు.

ఈ చిక్కు నా ఊహ కాదు. సినిమా వచ్చిన నెలలోపే మా వీధి చివరింట్లో చూశాను. వాళ్ళ కోడలిది ఒడిశా జయపురం. తెలుగు వాళ్ళే, కానీ ఆ పిల్ల చదువంతా ఒరియాలో. కాన్పయిన రెండో వారం నుంచి ఆమెకి నిద్ర లేదు. బిడ్డని దగ్గరికి తీసుకోదు, ఎవరో గోడవతల నుంచి పిలుస్తున్నారంటుంది, తనలో తను ఒరియాలో మాట్లాడుకుంటుంది. నేను చూడ్డానికి వెళితే అత్తగారు చెవిలో చెప్పింది: "ఓలమ్మా, మాకు తెలీని బాస మాటాడతంది. సినిమాలో కూడా ఆకరికి దెయ్యమే అన్నారు గదా. అమాసకి ఒకాయన్ని రమ్మన్నాం."

మా నానమ్మల కాలంలో బాలింత సన్ని అనేవారు. అంటే వాళ్ళకీ అది బాలింతలకి వచ్చే జబ్బనే తెలుసు. "వదినా, అది దాని చదువుకున్న భాషే కదా, దెయ్యం భాష ఎందుకవుతుంది? డాక్టరుకి చూపించండి" అన్నాను. తల ఊపింది గానీ నా మాట ఆవిడ లోపలికి వెళ్ళలేదు. చదువుకున్నవాళ్ళు ఇలాగే అంటారన్నట్టు చూసింది.

ఇంటికొచ్చి పిన్నికి చెప్పాను. ఏమీ మాట్లాడకుండా చెప్పులేసుకుంది. వాళ్ళింటికి వెళ్ళి, ఆ అత్తగారి ముందు కూర్చుని, జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. నలభై ఏళ్ళుగా ఎవరికీ చూపించని చెయ్యి. "నాకూ దెయ్యమే అన్నారే. ఇదిగో, ఇవి దెయ్యం పెట్టినవి కావు. మనుషులు పెట్టినవి. ఇవి పెట్టాక తగ్గలేదు, మాత్రలేసుకున్నాక తగ్గింది. నీ మనవడికి తల్లి కావాలా, అమాస కావాలా?" అంది. ఆ అత్తగారు చాలాసేపు ఆ మచ్చల వంకే చూసింది. లోపల్నించి కొడుకు వచ్చి నిలబడ్డాడు. మూడో రోజు పొద్దున్నే ఆ పిల్లని విశాఖ తీసుకెళ్ళారు. ఆలస్యం చెయ్యకుండా తెచ్చారు, నయమవుతుంది అని డాక్టర్లు చెప్పారట. కొన్నాళ్ళు మత్తుగా ఉండేది, మధ్యలో ఒకసారి మళ్ళీ తిరగబెట్టింది కూడా. సంక్రాంతి నాటికి మాత్రం బిడ్డని చంకనేసుకుని మా గుమ్మంలో ముగ్గు ఎలా వేశామో చూడ్డానికి వచ్చింది.

మన ఏజెన్సీ వైపు చిల్లంగి నెపంతో ప్రాణాలు తీశారన్న వార్తలు ఇప్పటికీ పేపర్లో చదువుతూనే ఉన్నాం. అందుకని, మీ చుట్టుపక్కల బాలింత ఎవరైనా నిద్ర లేకుండా, బిడ్డని తాకకుండా, ఏవో గొంతులు వినపడుతున్నాయంటే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి, తల్లినీ బిడ్డనీ ఒంటరిగా వదలకండి. ఏం చెయ్యాలో తోచకపోతే 14416కి ఫోన్ చెయ్యండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీమానస్. డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. నేను ఆ నంబరు క్యాలెండరు మీద గ్యాస్ బండ నంబరు పక్కనే రాసుకున్నాను.

మొన్న పిన్నిని అడిగాను, ఆ రోజు బస్సులో ఒక్క మాటా అనలేదెందుకని. చింతపండు పిక్కలు తీస్తూ చెప్పింది: "ఆ సినిమాలో ఆ పిల్లని ఏటయింది నీకు అని ఒక్కలూ అడగనేదమ్మీ."