డ్యాము నీళ్లకు సముద్రం మోటారు

"అబ్బీ, నీకు ఇంజన్ల సంగతి ఎరికే కదా. ఈ బొమ్మ రోంత సూడు" అంటూ పక్కింటి అక్క గోడ మీదుగా ఫోను చాపింది. చూస్తే పడవ వెనక తగిలించే పెట్రోలు మోటారు, ఔట్‌బోర్డు అంటారే, అది. నిగనిగా నీలం రంగేసి ఉంది. నెల్లూరు జిల్లా సముద్రం ఒడ్డున ఎవరో అమ్ముతున్నారంట. అక్క కొడుకూ వాడి స్నేహితుడూ పైడిపాలెం డ్యాములో చేపలు పట్టడానికి చిన్న ఫైబర్ పడవ ఒకటి మాట్లాడుకున్నారు. ఇప్పుడు దానికి మోటారు కావాలి.

బోరులో రెండంగుళాల నీళ్లు పడితే టెంకాయ కొట్టిన ఊరు మనది. చీనీ చెట్లను ట్యాంకర్ల నీళ్లతో బతికించుకున్నోళ్లం. ఆ సింహాద్రిపురంలో పడవ మోటారు బేరమంటే నాకు నవ్వాగలేదు. కానీ లెక్క చూస్తే నవ్వే పనేం కాదు. గండికోటలో 26.85 టీఎంసీలు పడతాయి, పార్నపల్లె దగ్గర చిత్రావతి రిజర్వాయరులో 10, మన మండలంలోనే పైడిపాలెంలో 6. ఇన్ని నీళ్లు ఉన్నాక వల వేసేవాడు రాకుండా ఉంటాడా?

"పుట్టి చాలదా అక్కా, మోటారెందుకు?" అన్నా.

"ఎదురుగాలికి తెడ్డేసి నువ్వు రా, తెలుస్తాది" అనింది. దానికి నా దగ్గర జవాబు లేదు. తెల్లారేలోపు వలలు ఎత్తి, చేప మెత్తబడక ముందే గట్టుకు చేర్చాలంటే మోటారు అక్కరకొస్తుంది.

"సరే, మీవాడు అడగాల్సిన మొదటి మాట ఇది: ఏ నీళ్లల్లో తిరిగిందీ అని. ఈ మోటారు చల్లబడేది అది మునిగిన నీళ్లతోనే. సముద్రంలో తిరిగితే ఉప్పునీళ్లే లోపల పారతాయి. వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగినోడి మోటారు ఏళ్లకేళ్లు నడుస్తుంది. కడగనోడిది లోపలి దారులు ఉప్పుతో పూడిపోతాయి, బోల్టులు విప్పబోతే విరుగుతాయి. పైమూత తీసి బోల్టుల మొదట్లో తెల్లగా పొక్కులు లేచినాయేమో చూడమను. రంగు ఎక్కడ మరీ కొత్తగా ఉంటే అక్కడ గోరుతో గీకమను. తుప్పు మోటారును తినకుండా ముందు తాను తినబడేందుకు కింద ఒక లోహపు ముక్క బిగించి ఉంటుంది. అది లేదంటే, లేదా దాని మీద కూడా రంగు పూసినారంటే, ఆ మోటారును ఎట్ల చూసుకున్నారో అర్థమైపోతుంది."

అక్క ఫోను లోపలికి లాక్కుని కొడుక్కు వాయిస్ మెసేజి పెట్టింది. నేను చెప్పిన దాంట్లో సగం, తను కలిపింది సగం.

"ఇంకోటి. పిల్లోడు పోయేసరికి మోటారు వేడిగా ఉంటే టీ తాగి రమ్మను. ముందే వేడి చేసి పెట్టిన ఇంజను ఎవరు లాగినా స్టార్టవుతుంది. చల్లగా ఉన్నప్పుడు, డ్రమ్ములో నీళ్లు పోసి, కింది భాగం మునిగేటట్టు పెట్టి తాడు లాగాలి. వెనక సన్నని ధార చిమ్ముతుంది. అది ఆగకుండా రావాలి. రాకపోతే లోపల రబ్బరు రెక్కల చక్రం అరిగిందని లెక్క. అది అరిగితే పర్వాలేదు, మార్చుకోవచ్చు. అరిగినాక కూడా ఎన్నాళ్లు తిప్పినారన్నదే మనకు కావాల్సింది, అది అమ్మేవాడు చెప్పడు."

గేరు నూనె సంగతి నేను ఎవరికైనా గట్టిగా చెప్తా. అడుగున ఉండే స్క్రూ విప్పి కాస్త నూనె బయటికి తియ్యాలి. పాలు పోసిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు దిగినట్టే. నూనెలో ఇనుపరజను మెరిస్తే అక్కణ్ణుంచి లేచి వచ్చేయాలి. మన డ్యాముల్లో నూనెలోకి నీళ్లు దిగే ఈ రోగం ఎక్కువ రావడానికి కారణముంది. అడుగడుక్కీ వలలు. తెగిన నైలాన్ దారం నీళ్లను తోసే ఫ్యాను వెనక ఇరుసుకు చుట్టుకుని సీలును కోస్తుంది. ఫ్యాను విప్పి చూపించమంటే మొహం మాడ్చేవాడి దగ్గర కొనొద్దు.

"గండికోట వైపు పోతామంటాండారు" అనింది అక్క మెల్లగా.

అదింకా పెద్ద సంగతి. ఆ నీళ్ల కింద తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్లే ఉన్నాయి. నీళ్లు తగ్గిన కాలంలో మొండిగోడకో చెట్టు మోడుకో ఫ్యాను తగిలితే రెక్క పోతుంది. చాలా చిన్న మోటార్లలో దెబ్బ తగలగానే విరిగిపోయే మెత్తని పిన్ను ఒకటి పెడతారు, గేర్లు బతకడానికి. ఆ పిన్నులు నాలుగు, విప్పే పానా ఒకటి పడవలోనే పెట్టుకోవాలి.

ఇంతలో పిల్లోడు ఇంకో బొమ్మ పంపినాడు. ఈసారి ఎవిన్‌రూడ్. పేరు చూడగానే చేతులు జోడించాలనిపించింది. 1909లో అమెరికాలో ఔట్‌బోర్డును జనం కొనే వస్తువుగా చేసిన ఓలే ఎవిన్‌రూడ్ పేరు అది. అయితే 2020లో ఆ పేరుతో మోటార్ల తయారీ ఆపేసినారు. చరిత్ర గొప్పదే, కానీ స్పేరు పార్టు కోసం పులివెందుల, ప్రొద్దుటూరు అంతా తిరిగినా ఏం దొరుకుతుంది? కోస్తాలో ఏ మోటారుకు మెకానిక్కులు ఎక్కువున్నారో అదే కొనడం మేలు, అది పాతదైనా సరే.

ఇక మోటారు బలం సంగతి. 9.9 హార్స్‌పవరు కూడా వాళ్లకు ఎక్కువే. ఇద్దరు మనుషులు, వలలు, ఐసు పెట్టె ఉన్న చిన్న పడవకు 5 సరిపోతుంది. బరువు తగ్గుతుంది, పెట్రోలు మిగులుతుంది. కాడ పొడుగు మాత్రం పడవ వెనకపలకకు టేపు పెట్టి కొలిచి తీసుకోవాలి. 15 అంగుళాలదీ ఉంటుంది, 20 అంగుళాలదీ ఉంటుంది. తేడా పడితే ఫ్యాను గాలిలో తిరుగుతుంది, లేదంటే ఊరకే నీళ్లను లాగుతుంది. టూ స్ట్రోకు అయితే ఆయిలు ఎంత కలపాలో అడిగి రాసుకోవాలి. 50కి ఒకటి అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో ఉంచితే కార్బురేటరు పట్టేస్తుంది, పాత మోటారు రబ్బరు గొట్టాలకు అదీ ఒక గండమే. గొట్టాలన్నీ మార్చే ఖర్చు ముందే బేరంలో తగ్గించుకోవాలి.

"ఇన్ని చెప్పినావు, ఇంతకూ ఆ నీలం మోటారు కొనమంటావా వద్దంటావా?"

"వద్దక్కా. రంగు ఎక్కువ, బిల్లు లేదు. నంబరు పలక గీకేసినట్టుంది, దొంగసొత్తయితే పోలీసులు మన గడపకే వస్తారు. ముందు మీవాణ్ణి మత్స్యశాఖ ఆఫీసుకు, నీటిపారుదల శాఖ ఆఫీసుకు పంపు. పైడిపాలెంలో లైసెన్సు ఉన్నా మోటారు పడవ తిప్పనిస్తారో లేదో అడిగి, రాతపూర్వకంగా తీసుకోమను. లైఫ్ జాకెట్లు రెండు కొనమను. అడ్వాన్సు ఇచ్చేది ఆ తర్వాతే."